ముప్పై నిమిషాల్లో విశాఖ

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. చెన్నైలో ఒక సరుకు రవాణా ఆఫీసులో పని చేస్తాను. ఏ ఊరు ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది అని చెప్పడమే నా బతుకుతెరువు. చెన్నై నుంచి విశాఖకి గాలిలో ఆరు వందల కిలోమీటర్లు, విమానంలో గంటా ఇరవై నిమిషాలు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మా అక్క కూతురి పెళ్లి విశాఖలో. గురువారం, పదకొండు ముప్పై రెండుకి ముహూర్తం. తరతరాలుగా చెన్నై చింతాద్రిపేటలో ఉంటున్న మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పుట్టింటి తాళికి పెళ్లిరోజు పొద్దున ఇంట్లోనే పూజ చేసి, మేనమామ తన చేతులతో తేవాలి. అందరూ ముందే రైలెక్కారు. ఇంట్లో నేనూ తాళీ మిగిలాం.

ఎనిమిది గంటల విమానానికి టికెట్ తీసుకున్నాను. ముందురోజు విశాఖ నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"రేపు ఆరు నుంచి ఏడున్నర దాకా యమగండం. అంతదాకా తాళి గడప దాటకూడదు, చెప్పినాను."

అమ్మతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు. తొమ్మిది ఇరవై విమానానికి మార్చుకున్నాను.

ఆ విమానం కదల్లేదు. ఏదో మరమ్మతు అన్నారు. పది ముప్పై నాలుగుకి సీట్లోంచే అక్కకి ఫోన్ చేశాను. ఎలా చూసినా పన్నెండుకి గానీ దిగను, తాళి బదులు పసుపు కొమ్ము కట్టించేయమన్నాను.

"పసుపు కొమ్ముకి నేనొప్పుకోనురా. నువ్వొస్తావు," అని అక్క పెట్టేసింది.

విమానం లేచింది. నేను నిద్రపోలేదు, ఒట్టేసి చెప్పగలను. గ్లాసుతో నీళ్లిచ్చారు. సగం తాగేసరికి దిగుతున్నాం, బెల్టు పెట్టుకోండి అన్నారు. కిటికీలోంచి చూస్తే సముద్రం పక్కన కొండ. చుట్టూ ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఫోన్ ఆన్ చేస్తే పదకొండు నాలుగు. దిగానని అక్కకి చెప్పి కారెక్కాను. మంటపం ఇరవై నిమిషాల దారి. తాళి గుండెలకి హత్తుకుని పరుగున లోపలికి వెళ్తే జనం లేచి దారిచ్చారు. సరిగ్గా ముహూర్తానికి పుట్టింటి తాళి మా పిల్ల మెడలో పడింది. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత గర్వం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం తీరిగ్గా ఫోన్ చూశాను. చెన్నైలో చేసిన కాల్‌కీ విశాఖలో చేసిన కాల్‌కీ మధ్య ముప్పై నిమిషాలే. విమానాల రాకపోకలు చూపించే యాప్‌లో చూస్తే, మాది దిగింది పదకొండు యాభై ఆరుకట.

అమ్మకి ఇందులో వింతేమీ కనపడలేదు. మంచి ఘడియలో బయల్దేరినవాడు చేరక ఏం చేస్తాడంది.

నాకు మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. తాళి కట్టిన క్షణంలో తీసిన ఫోటోని ఫోటోగ్రాఫర్ దగ్గర అడిగి తీసుకున్నాను. దాని మీద సమయం పదకొండు ముప్పై రెండు. పెళ్లికూతురి వెనక నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతూ అక్షింతలు చల్లుతున్నాను. యాప్ లెక్క ప్రకారం ఆ క్షణాన నేనింకా గాల్లోనే ఉన్నాను.