కినుయే అత్త మోకాలి మచ్చ

ఏటా వసంతంలో మా వాడవాళ్లు చీటీలు వేస్తారు. పేరు వచ్చినవాళ్లు కొండమీది గుడికి వెళ్లి తోడేలు దేవరను చెక్కపెట్టెలో పెట్టించుకుని తేవాలి. ఆయన ఉన్న ఏడాది అడవిపందులు చేల జోలికి రావు. కానీ ఇల్లు చేరేదాకా పెట్టె నేలకు తగలకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. తోడేలు వెనకే నడిచి వస్తుంది, కాలుజారి పడ్డవాళ్లను వదలదు.

ఆ ఏడాది చీటీ కినుయే అత్తకు వచ్చింది. అడవి అంచున ఆవిడ చిలగడదుంప చేను. నిరుడు పందులు దాన్ని మొత్తం తవ్వి పోశాయి.

"కుక్కపిల్ల మొరిగితే తలుపేసుకుంటావ్, నువ్వా తోడేల్ని తెచ్చేది?" అన్నాడు పక్కింటి గెన్సాకు.

"నీ మోకాళ్లు ఒప్పుకుంటే నువ్వే వెళ్లు మామా," అని అత్త బయల్దేరింది.

తిరుగుదారిలో మంచు కమ్మింది. దేవదారుల మధ్య వెనక మెత్తగా అడుగుల చప్పుడు. ఆవిడ ఆగితే అదీ ఆగుతోంది. అడుగులు తడబడ్డాయి. తడివేరు మీద కాలు జారి మోకాలు రాతికి కొట్టుకుంది. పెట్టె మాత్రం గుండెకు అదుముకునే ఉంది. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

పడ్డానని ఒప్పుకుంటే అంతే.

"అబ్బబ్బా, కాళ్లు లాగేస్తున్నాయి," అంది పైకే, గొంతు వణకకుండా. "కాసేపు కూర్చుంటాను. మీరూ కూర్చోండి దేవరా."

పెట్టె ఒళ్లో పెట్టుకుంది. నిజంగా కూర్చున్నట్టే ఉండాలని మూటలోంచి అన్నపుముద్ద తీసి తింది. రుచి తెలియలేదు. మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. ఆ వాసన దేవరకు తగులుతుందేమోనని కిమోనో అంచు దానిమీదికి లాక్కుంది. మెడ మీది ఊపిరి నెమ్మదించాక లేచింది. కుంటకుండా నడిచింది.

వాడకు చేరి, పెట్టెను గూటిలో పెట్టి, గడప బయట ఎర్ర చిక్కుళ్ల అన్నం, ఉప్పు పెట్టింది. "ఇంతదూరం తోడొచ్చారు. చల్లగా చూడండి."

"వచ్చాడా?" అన్నాడు గెన్సాకు.

"వెనక్కి చూడలేదు మామా."

ఆ ఏడాది దుంపలు దక్కాయి. దేవరను మళ్లీ కొండకు సాగనంపి చాలా ఏళ్లయ్యాక, ఆవిడతో దుంపలు చెక్కు తీస్తూ ఆవిడ మోకాలి మీద మచ్చ చూశాను.

"ఆ రోజు పడ్డావు కదా అత్తా?"

తడిచేత్తోనే నా నోరు మూసింది. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది.

"మెల్లగా మాట్లాడు తల్లీ! కూర్చున్నాను."