చందానగర్ తొట్టెలో తేలిన నునుపు

1974 ఆగస్టు 6, మంగళవారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం ఎదురైంది. బీఎస్సీలో నేను చదివే రసాయన శాస్త్రాన్ని సీసాల సదువు అని వెక్కిరించే మా యాదగిరి అన్న, "ఇయ్యాల కాలేజీ ఇడిసిపెట్టు, నాతోని చందానగర్ రా" అన్నాడు.

కూకట్‌పల్లిలో అన్నకు ఇనుప రేకు కోసే చిన్న ప్రెస్సు షెడ్డు ఉంది. పొలానికి మందుకొట్టే పంపుల కోసం వేలెడంత ఇనుప మీటలు కోస్తాడు. ప్రెస్సు కోసిన ముక్క అంచునా, రంధ్రం చుట్టూ సన్నని ముళ్లు మిగులుతాయి. బర్రు అంటారు. ఆకురాయితో రాస్తే వేళ్లు తెగుతాయే తప్ప పని తెమలదు. బర్రు లేని నమూనాలు రేపు చూపకపోతే ఆర్డరు ఇంకొకరికి ఇస్తామని పంపుల కంపెనీ చెప్పేసింది. చందానగర్‌లో ఒకాయన ఆ ముళ్లను మందునీళ్లలో కరిగిస్తాడని విని, ఆరు మీటలు మూటగట్టుకుని ఎనిమిది గంటల బస్సెక్కాం. బొంబాయి రోడ్డు మీద అరగంట ప్రయాణం, టికెట్ అర్ధరూపాయి లోపే. బస్సు దిగి బజారు దాటితే గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన సుబ్బారావు గారి రేకుల షెడ్డు.

"ముల్లు పల్చన కదమ్మా, ద్రావకం అన్ని వైపులా పట్టేసి కరిగించేస్తుంది. మందంగా ఉన్న ముక్క జోలికి పెద్దగా పోదు" అన్నారాయన. ఆక్సాలిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపిన తొట్టె అది. మూడు మీటలను జిడ్డు పోయేలా చాకలిసోడా నీళ్లలో కడిగి ఆరబెట్టి, ఆయన తొట్టె చూడబోయారు. అన్న జేబులోంచి చిన్న డబ్బీ తీసి, నూనెలో కలిపిన కుంకుమతో ఒక్కో మీటకు రంధ్రం పక్కనే బొట్టు పెట్టాడు. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు మా షెడ్డులో అలవాటే కనుక నాకూ వింతగా తోచలేదు.

మీటలను తొట్టెలో వేసి, బుడగలు ఆగాక బయటికి తీస్తే మూడూ తళతళలాడాయి. కానీ రంధ్రం దగ్గర వేలు పెట్టి అన్న చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది సార్ గిది? ముల్లు గట్లనే ఉన్నది!"

"మీ ఇనుమే అలాంటిదండి, నా తొట్టేం చేస్తుంది?"

"మా ఇనుముకేమైంది? నీ నీళ్లే పాతవడ్డయి!"

వాళ్లిద్దరూ గొంతులు పెంచుతుంటే నేను మీటల్ని వెలుగులో తిప్పి చూశాను. మూడింటికీ ఒకే చోట ముల్లు మిగిలింది. సరిగ్గా బొట్టు పెట్టిన చోట.

"అన్నా, బొట్టుల నూనె ఉన్నది. నూనె ఉన్నకాడ నీళ్లు అంటలే!"

సుబ్బారావు గారు ముక్కను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి పకపకా నవ్వారు. "బాబూ, దేవుడి పేరు చెప్పి ముల్లును కాపాడావయ్యా!"

మిగిలిన మూడు మీటలను కడిగాక చేతి జిడ్డు అంటకుండా ఎవరూ ముట్టుకోలేదు, పటకారుతోనే పట్టుకున్నాం. అన్న బొట్టు మానలేదు, తొట్టె బయటి గోడకు పెట్టాడు. ఈసారి తీసి, కడిగి, రంపపు పొట్టులో ఆరబెట్టాక అన్న కళ్లు మూసుకుని రంధ్రం చుట్టూ వేలు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "శెల్లే, ఏడ జూసినా నున్నగున్నదే!" అని నన్ను షెడ్డులోనే గిర్రున తిప్పేశాడు.

తిరుగు బస్సులో గరుకు, నునుపు అనే రెండు మాటలనూ మెల్లగా పలుకుతూ కూర్చున్నాను. పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన మాటలే, ఇవాళ వేలికి తగిలాయి. ఇలాంటి పనికి వెళ్లేవారు నమూనాలు రెట్టింపు తీసుకెళ్లండి, మొదటి ప్రయత్నం నేర్చుకోవడానికే పోతుంది.

రేపు పొద్దున కంపెనీ గేటు తెరవకముందే అక్కడ నిలబడతాం. మేనేజరు అరచేతిలో మీటలు పెట్టి, ముల్లు ఎలా పోయిందో చెప్పాల్సింది నేనేనట. అన్న అప్పుడే తేల్చేశాడు.