చివర వేసిన గొట్టం

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ దోమలక్క అనే పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ మాత్రం ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. భర్త అయితే చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేవాడు.

"మా ఆవిడ దోమ మీసం చూసి ఆడో మగో చెప్పేస్తుందండోయ్! నా మొహం చూసి మాత్రం అన్నం తిన్నానో లేదో చెప్పలేదు."

"తినకపోతే మీరే ఊరంతా చెబుతారుగా! ఇక నేను చూడటం దేనికి?" అనేది ఆవిడ.

పొద్దున్నే వీధుల్లో పెట్టిన ఉచ్చులు వచ్చేవి. వలసంచుల్లోని దోమలను ఫ్రీజర్లో పెట్టి, ప్రాణం పోయాక చల్లటి పళ్లెం మీద పోసుకుని, మైక్రోస్కోపు కింద సన్నని పట్టుకారుతో ఏరేది. కుచ్చు మీసాలున్నవి మగవి. అవి కుట్టవు కనుక పక్కకు. ఆడవాటిని ఏ వీధివి ఆ వీధివిగా గొట్టాల్లో వేసి, మెత్తగా నూరి, ఆ రసంలో సగం ఫ్రీజర్లో దాచి, మిగతా సగంలో వైరస్ ఉందేమో యంత్రంలో చూసేవారు. ఉంటే తెర మీద గీత లేస్తుంది. లేకపోతే నేలబారుగా పడి ఉంటుంది.

ఏరడానికి కూర్చునే ముందు ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. ఆడదోమ నెత్తురు తాగేది తన గుడ్ల కోసమేనని తెలిసిన నాటి నుంచి వచ్చిన అలవాటది. 'పిల్లల కోసం పడరాని పాట్లు పడ్డావు తల్లీ, నన్ను క్షమించు' అనుకునేది మనసులో.

ఆ ఏడు పక్క ఊళ్లో జికా బయటపడింది. కడుపులో బిడ్డకు చేటు చేసే వైరస్ అది. ఇక్కడా సందుసందునా ఉచ్చులు పెట్టారు. బేకరీ వెనక సందులోనూ పెట్టారు. దోమలక్క కూతురి కాపురం ఆ సందులోనే. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి.

ఆ రోజు బేకరీ సందు ఉచ్చు కూడా వచ్చింది. రసాలను చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో వరుసగా వేయడం ఆవిడ పనే. బేకరీ సందు గొట్టం వంతు వచ్చినప్పుడల్లా 'తర్వాత వేద్దాంలే' అని పక్కకు జరుపుతూ వచ్చింది. చివరికి ఎలాగో వేసి, పలకను యంత్రం దగ్గరికి పంపింది.

యంత్రం చూసే కుర్రాణ్ణి ఆవిడ తమ్ముడూ అని పిలిచేది. వాడు మాటకారి. ఆ వేళ మాత్రం తెర మీది గీతలను వేలుతో ఒక్కొక్కటే మళ్లీ లెక్కపెట్టాడు.

"ఏంట్రా తమ్ముడూ, చెప్పు."

"వీధులవన్నీ నేలబారుగానే ఉన్నాయక్కా. ఒక్కటే లేచింది."

"బేకరీ సందేనా?"

వాడు అవునన్నట్టు తలూపాడు. కూతురిని ఆ పూటే ఇంటికి తెచ్చేయాలని ఫోను తీసింది. ఇప్పటికే ఏ దోమైనా కుట్టేసి ఉంటే? ఆ ఆలోచనలో అంకెలు తప్పు నొక్కింది. ప్రయోగశాలకు పెద్ద అయిన డాక్టరు మేడమ్ వచ్చి ఫోను మెల్లగా చేతిలోంచి తీసుకుంది.

"ముందు కూర్చో దోమలక్కా. రెండోసారి చూడకుండా మనం ఎవరికీ చెప్పం కదా. నీ కూతురికైనా అంతే."

అప్పుడు తమ్ముడు పలకను పరకాయించి చూశాడు.

"అక్కా, ఈ సందు రసం ఈ మూల వేశావేంటి? పాజిటివ్ గుంట పక్కనే ఉంది!"

యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి ఒక గుంటలో కావాలనే వైరస్ ముక్కలు వేస్తారు. అది అన్నిటికన్నా చివర వేయాలి. పక్క వరుస ఖాళీగా వదలాలి. ఆ తర్వాత పలకను ముట్టుకోకూడదు. అందులోది ఒక్క చుక్క పక్క గుంటలో పడ్డా అక్కడా గీత అబద్ధంగా లేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట నేర్పేది దోమలక్కే.

"భయమేసింది మేడమ్," అంది ఆవిడ. "వెనక్కి వెనక్కి జరుపుతూ పోయాను. పాజిటివ్ వేసేశాక గుర్తొచ్చింది. చేతొడుగు మార్చానో లేదో కూడా తెలీదు."

మేడమ్ కోప్పడలేదు. "నీ కూతురి సందు నీ చేతికి ఇవ్వడం నాదే తప్పు. లే, పక్కగదిలో కూర్చో. దాచిన సగం నేనే వేస్తాను."

తమ్ముడు భోజనానికి వెళ్లలేదు. "ఆకలి లేదులే అక్కా" అన్నాడు. వాడి కడుపు మాత్రం వేరేలా చెప్పింది. గదులు ఊడ్చే పెద్దమ్మ దోమలక్క కోసం తన డబ్బా మూతలో ఇంత అన్నం పెట్టి తెచ్చింది.

"రెండు ముద్దలు తిను. ఖాళీ కడుపుతో మొక్కితే దేవుడికీ జాలేస్తుంది గానీ, నీకు కళ్లు తిరుగుతాయి."

తినలేక తింటూ దోమలక్క మొక్కుకుంది. 'ఆ సందులో వద్దు స్వామీ' అని మొదలుపెట్టి ఆగిపోయింది. మరి ఏ సందులో ఉండాలని? ఏ సందులో మాత్రం కడుపుతో ఉన్న పిల్లలు లేరు? 'ఏ సందులోనూ వద్దు' అని మార్చుకుంది. అలా అడిగాక గుండె కొంచెం కుదుటపడింది.

తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. వాడి మొహమే ముందు చెప్పింది.

"పడుకుందక్కా! గీత చాప మీద పడుకున్నట్టు పడుకుంది. పాజిటివ్ ఒక్కటే లేచింది. మేడమ్ రెండేసి గుంటల్లో వేసి చూశారు, అన్నీ అంతే."

దోమలక్క పెద్దమ్మ భుజం మీద తల వాల్చేసింది. పెద్దమ్మ చీపురు పక్కన పడేసి వీపు నిమిరింది. తమ్ముడు ఆ మూతలో మిగిలిన అన్నం అడగకుండానే లాక్కుని తినేశాడు. గుమ్మంలో నిలబడ్డ మేడమ్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఫోను చేతికిచ్చింది.

"ఇప్పుడు చేసుకో."

కూతురు ఫోనెత్తింది. "ఏంటమ్మా, గొంతు అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదే, కంట్లో దోమ పడింది."

"చచ్చిన దోమలు లేచొచ్చి కంట్లో పడతాయా? అబద్ధమైనా కాస్త అతికేలా ఆడమ్మా."

"సరేలేవే. ఇప్పుడు మీ సందు దోమల్లో రోగం లేదని రేపు రాదని కాదు. పూలకుండీల కింద నీళ్లుంటాయి, మీ ఆయన్ని పారబోయమను. నువ్వు వంగకు."

"రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పడుకున్నాడమ్మా, పాపం."

"లేపు," అంది దోమలక్క.