మోడు కింద అడివి

మొగుళ్లపల్లి అవతల, మా ఊరికి పడమట ఒక గుట్ట ఉంది. అది ఏ ఒక్కరి పట్టా కాదు, ఊరందరిదీ. అట్లాంటి భూమిని మా దిక్కు గైరాన్ అంటారు. అందరిదీ కాబట్టి అందరం నరికినం. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి చల్లారేనాటికి దాని మీద నీడ కావాలంటే ఎక్కినోళ్ల నీడే దిక్కు.

ఆ గుట్ట మీద కొమురవ్వ మేకలు మేపేది. మొగడు పాము కరిచి పోయిండు. ఆమెకు మిగిలింది ఆ మేకల మందే. కరువొచ్చిన ఏడు, బండలు కాలే ఎండల, ఒక నారేప చెట్టు మోడు కాడ ఆమె ఆగింది. గొడ్డలితో నేలమట్టంగా కొట్టేసిన మోడు. దాని అంచున వేలెడు చిగురు. పోయినేడు ఆ చిగురును తన మేకలే కొరికినయని ఆమెకు గుర్తుంది. అంతకు ముందేడూ కొరికినయి. చుక్క వాన లేదు, అయినా మళ్లీ వచ్చింది.

"దీని పానం యాడున్నదో సూద్దామని నేలకు చెవి పెట్టిన బిడ్డా," అని ఎన్నో ఏండ్ల తర్వాత నాతోని చెప్పి నవ్వింది.

ముండ్లకంప తెచ్చి మోడు చుట్టూ దడి కట్టింది. ఊరు నవ్వింది. వానలు పడ్డ ఏడు చిగురు ఆమె భుజం దాటింది. ఆ మరుసటేడు చెయ్యెత్తినా అందలేదు. ఎవరూ విత్తలేదు, నీళ్లు పోయలేదు. ఎవరినీ లెక్కచెయ్యని మొండయ్య కూడా దాన్ని చూసి తలగుడ్డ తీసి నిలబడ్డడు.

"అడివి సావలేదన్నా," అన్నది కొమురవ్వ. "మనమే లేవనిస్తలేం."

చావడి కాడ ఊరు కూడింది. గుట్ట మీదికి గొడ్డలి, గొడ్డు గోదా పోవద్దని ఆమె అడిగింది. ఊళ్లె ఎక్కువ భూమి ఉన్న జగపతి అడ్డం పడ్డడు.

"అందరికంటె పెద్ద మంద నీదే గదా కొమురవ్వా. నీ మేకలేం తింటయ్?"

"సగం అమ్ముత పటేలా. మిగిలినయి చెరువెనక మేపుత," అన్నది. ఆ మాటతోని ఊరు ఒప్పుకున్నది. జగపతి ఇల్లు తప్ప, ఇంటికొకరు వంతుల ప్రకారం కావలి కాసినం.

మొదట్ల తిప్పలైంది. పొయ్యిల కట్టెకు ఆడోళ్లు చాన దూరం పోవాల్సి వచ్చేది. పక్కింటి భాగ్యమ్మ ఏడాది దాకా కొమురవ్వతోని మాట్లాడలేదు.

తర్వాత ఒక్కో మోడు లేచింది. నారేప, తునికి, మోదుగు. ఎన్నడో మర్చిపోయిన పిట్టలు వచ్చి కూసినయి. అప్పుడు, ఎనభయ్యో సంవత్సరం దగ్గర పడుతుండగా, గుట్ట సగం తన పట్టాలదేనని జగపతి అర్జీ పెట్టిండు. రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ గొలుసు పట్టుకొని భూమి కొలవడానికొచ్చిండు. మాటిమాటికి కొమ్మలకు చిక్కుకొని గొలుసు తొందరగా సాగలేదు.

"ఇన్ని చెట్లు ఎవరు పెట్టిండ్రు?" అని అడిగిండు.

"ఎవ్వలు పెట్టలేదు సారూ. ఉన్నదే లేసింది," అన్నది కొమురవ్వ.

కొలత అయ్యేసరికి జగపతి హద్దు గుట్ట కిందనే ఆగింది. కానీ గొలుసు వెంట నడుస్తూ ఆయన ఎన్నో ఏండ్ల తర్వాత గుట్ట లోపలికి వచ్చిండు. ఒక నారేప కింద తల వెనక్కి వాల్చి, కొమ్మల దిక్కు చూసుకుంట ఉండిపోయిండు. ఓడినోడి మొఖం కాదది.

"మీ ఇంటి వంతు ఎన్నడు పెట్టాలె పటేలా?" అని కొమురవ్వ నెమ్మదిగా అడిగింది.

"రేపే పెట్టుండ్రి," అన్నడు. జీతగాన్ని పంపలేదు, తనే కట్టె పట్టుకొని వచ్చిండు.

ఇంకొన్నేండ్లకు, ఒక ముసురు ఆగిపోయి వారం దాటినంక, గుట్ట కింద బండ సందుల నుంచి నీళ్లు వస్తున్నయని తెలిసి అందరం ఉరికినం. చెట్ల వేర్లు దాచిన వాననీళ్లు కంటినీళ్లంత తేటగా, చప్పుడు లేకుండ కారుతున్నయి. అట్లాంటిది మా తాతలు చెప్పగా కూడా వినలేదు. కొమురవ్వ అప్పటికి ముసలిదైంది. చెప్పులు విడిచి ఆ నీళ్లల్ల కాళ్లు పెట్టి నిలబడ్డది. ఇంటికి పోదామని ఆమెను పిలవబోయిన మేము కూడా చెప్పులు విడిచినం.