ఏప్రిల్ పన్నెండున మిరపకాయ విన్న వార్త

దర్జీ దుకాణంలో ఆమెను అందరూ మిరపకాయ అనేవారు. ముఖం మీద అనే ధైర్యం మాత్రం మాస్టరు ఒక్కడికే ఉండేది. బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టడం ఆమె పని. కుడికాలు పసితనంలోనే పడిపోయింది. మిషను ఎడమకాలితోనే తొక్కేది, నడవాలంటే చంకకర్ర ఉండాల్సిందే.

కాలు ఎందుకు పోయిందని అడిగితే ఇంట్లో ఒకటే జవాబు. జ్వరం వచ్చింది, తగ్గేసరికి కాలు చచ్చుబడింది. "నీ రాత అలా ఉంది తల్లీ" అని అమ్మ కళ్లు తుడుచుకునేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. రాత మీద ఎంతకాలమని కోప్పడతారు ఎవరైనా? అందుకే ఆమె కోపం ఎవరు దొరికితే వాళ్ల మీద పడేది. బస్సు ఆపకుండా పోయిన డ్రైవరు మీద, బొత్తాలు తక్కువ పంపిన కొట్టువాడి మీద, జాలిగా చూసిన ప్రతివాళ్ల మీదా.

నాన్న ఆరోగ్యశాఖలో వ్యాను డ్రైవరు. ఆఫీసులో ఆయన పేరు అందరూ మర్చిపోయి, 'అలాగేనండి' అని పిలిచేవారు. ఆదివారం రమ్మంటే అలాగేనండి. వాళ్ల పిల్లల్ని సినిమాకి దింపమంటే అలాగేనండి. ఆ పిలుపుకీ ఆయన నవ్వుతూనే పలికేవాడు.

దుకాణంలో పొద్దున్నే రేడియో పెట్టేవారు. పాటలకు ముందు 'చరిత్రలో ఈ రోజు' అని ఒకటి వచ్చేది. దాన్ని చెవిన పెట్టేవాళ్లే లేరు. ఆ ఏప్రిల్ పన్నెండున కూడా అలాగే మోగుతోంది. పద్దెనిమిది వందల అరవై ఒకటిలో ఇదే రోజున అమెరికాలో అంతర్యుద్ధం మొదలైందట. సరిగ్గా వందేళ్ల తర్వాత ఇదే రోజున ఒక మనిషి మొట్టమొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లి భూమిని చుట్టి వచ్చాడట.

"చూశారా! ఆకాశమంతా తిరిగొచ్చారు, మన వీధికి మాత్రం బస్సు రాదు" అన్నాడు మాస్టరు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రేడియో ఇంకా చెబుతోంది. పంతొమ్మిది వందల నలభై అయిదులో ఇదే రోజున అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయాడు. ఆయనకూ జ్వరం వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి, పోలియో అన్నారు. పదేళ్లకు మళ్లీ అదే తేదీన, పోలియోకి కనిపెట్టిన టీకా బాగా పనిచేస్తోందని ప్రకటించారు. ఆ కబురు విని ఊళ్లలో గంటలు మోగించారట.

ఆమె సూది కాలరు దాటి పక్కకు పరిగెత్తింది.

"మాస్టారూ, ఏ సంవత్సరం అన్నాడు?"

"ఏది?"

"టీకా."

"యాభై అయిదు అన్నట్టున్నాడు. ఏం?"

"నేను పుట్టింది డెబ్బై రెండులో."

మాస్టరు నవ్వు ఆగిపోయింది. "ఎక్కడో దూరదేశంలో కదమ్మా. మనదాకా రావద్దూ?" అన్నాడు మెల్లగా.

ఆ మాటతో కాసేపు సర్దుకుంది. కాలరు విప్పి మళ్లీ కుట్టడం మొదలెట్టింది. కానీ సగంలో నాన్న వ్యాను గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎక్కి కూర్చునేది అందులో. వెనక సీటు కింద చల్లగా తగిలే పెట్టెలుండేవి, వాటిలో మంచుగడ్డలు. చెయ్యి పెట్టబోతే నాన్న, "తియ్యకమ్మా, అవి పిల్లల మందులు" అనేవాడు.

పిల్లల మందులు.

మిషను మీద బట్ట అలాగే వదిలేసి లేచింది. "ఎక్కడికి?" అని మాస్టరు అడిగేసరికే గుమ్మం దాటేసింది.

ఆరోగ్యశాఖ ఆఫీసు వెనక నాన్న వ్యాను కడుగుతున్నాడు. కూతుర్ని చూసి సంబరపడ్డాడు. "ఏంటమ్మా, ఇంత ఎండలో?"

"మంచుపెట్టెల్లో ఏం తీసుకెళ్లేవాడివి నాన్నా?"

"మందులు."

"ఏం మందులు?"

ఆయన చేతిలో గొట్టం నుంచి నీళ్లు నేలమీద పోతున్నాయి. "అన్నీ ఉండేవి. పోలియో చుక్కలు కూడా."

"నేను పుట్టినప్పుడు కూడా?"

"కొంచెమే వచ్చేవమ్మా అప్పట్లో. ఆఫీసర్ల క్వార్టర్లకీ, బజారువైపు వాళ్లకీ సరిపోయేవి. మన వీధికి తర్వాత చూద్దాం అన్నాడు అప్పటి ఆఫీసరు."

"నువ్వేమన్నావు?"

ఆయన తలెత్తలేదు. "అలాగేనండి అన్నాను."

ఆమెకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. చంకకర్రతో బకెట్టును ఒక్కటిచ్చింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది.

"బండి తోలింది నువ్వు! మందు నీ వీపు వెనకే ఉంది! నేను ఇంట్లో పాకుతున్నాను! మా పిల్లకు రెండు చుక్కలు వెయ్యండి అని ఒక్క మాట అడగలేకపోయావా?"

"ఉద్యోగం పోతుందేమోనని..."

"ఉద్యోగం నిలబడింది నాన్నా. నేనే నిలబడలేకపోతున్నా!"

కేకలకు లోపలివాళ్లంతా బయటికొచ్చారు. కొత్త ఆఫీసరు, "అవన్నీ ఎప్పటివో పాత సంగతులు కదమ్మా, ఇప్పుడు గొడవెందుకు?" అన్నాడు. ఆమె ఆయనవైపు తిరిగింది. "మీ క్వార్టర్లలో నాలాంటి పిల్ల ఒక్కతైనా ఉందేమో చూపించండి. ఇప్పుడే నోరు మూసుకుని వెళ్లిపోతాను." అప్పటి ఆఫీసరు ఎప్పుడో రిటైరై వెళ్లాడనీ తనకేం తెలియదనీ గొణిగి ఆయన లోపలికి వెళ్లాడు. ఆమెను మరింత మండించింది అదే. తిట్టడానికి తగిన మనిషి అక్కడ లేడు. దొరికింది ఒక్క నాన్నే.

ఇంటికొచ్చి అమ్మను నిలదీసింది. "రాత, రాత అన్నావే, రాసిందెవరో తెలిసే అన్నావా?"

అమ్మ చేతిలో పని ఆపలేదు. "తెలుసు. తెలిసి ఏం చెయ్యను? ఆయన్ని చంపుకోనా, నిన్ను పెంచుకోనా?"

ఆ రోజు నుంచి ఆమె నాన్నతో మాట్లాడటం మానేసింది. ఒకే గదిలో కూర్చుని తింటూ, "ఆయన్ని పక్కకు జరగమను" అని అమ్మతో చెప్పేది. "జరిగానని చెప్పు" అని ఆయన కూడా అమ్మతోనే అనేవాడు. మధ్యలో అమ్మ, "నేను మనిషినా, టెలిఫోనునా?" అని ఇద్దర్నీ తిట్టేది. అలా ఏళ్లు గడిచాయి. నాన్న రిటైరయ్యాడు.

అప్పుడొచ్చింది ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసే కార్యక్రమం. వీధికొకరు సాయం కావాలన్నారు. ఆమె వెళ్లి పేరిచ్చింది. సేవాభావం అని ఎవరో మెచ్చుకుంటే, "సేవా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఒళ్లు మండి వచ్చా" అంది.

మొదటిరోజు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. ఇన్నేళ్ల తర్వాత నాన్న ముఖంలోకి చూసి మాట్లాడింది. "లే. తలుపు తట్టేది నువ్వు. అడిగేదీ నువ్వే."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. మొదటి ఇంట్లో ఆయన అడిగింది ఎవరికీ వినబడలేదు. "గట్టిగా!" అని వెనకనుంచి కసిరింది. రెండో ఇంట్లో కాస్త వినబడింది. వీధి చివరింటాయన తలుపు సందులోంచే, "మా పిల్లాడికి అవసరం లేదు, వెళ్లండి" అన్నాడు.

"అలాగే..." అని నాన్న వెనక్కి తిరగబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. మళ్లీ తలుపువైపు తిరిగాడు. "వెళ్లనండీ" అన్నాడు. గొంతు పిల్లిపిల్లదిలా ఉంది, అయినా కాలు కదపలేదు. "ఈవిడ నా కూతురు. ఇదిగో, ఆ కాలు చూడండి. మందు నా చేతిలో ఉండి కూడా అడగని తండ్రిని నేను. మీరు నాలా కాకండి. పిల్లాడికి వేయించేదాకా మీ గుమ్మం దిగను."

ఇంటాయన ఏదో అనబోయాడు. అంతలో లోపలినుంచి ఆయన భార్య పిల్లాణ్ని ఎత్తుకొచ్చి, నోరు తెరిపించి పట్టుకుంది.

తిరిగి వస్తుంటే నాన్న ఏడుస్తూ నడిచాడు. ఆమె ఊరుకోబెట్టలేదు. "రేపు పై వీధి. పొద్దున్నే తయారుగా ఉండు" అంది అంతే.

తర్వాత ప్రతి విడతలోనూ ఇద్దరూ తిరిగారు. రాజీ పడ్డారని వీధిలో అనుకుంటే ఆమె ఒప్పుకునేది కాదు. మంచాన పడ్డ రోజుల్లో నాన్నే ఒకసారి అడిగాడు. "ఇంకా కోపముందా అమ్మా?"

"ఉంది" అంది. ఆయన తలగడ సరిచేసి, అక్కడే కూర్చుంది.

ఆయన పోయాక ఆఫీసు నుంచి ముగ్గురు నలుగురు పరామర్శకు వచ్చారు. అందులో పెద్దాయన నిట్టూర్చి, "బంగారంలాంటి మనిషి. ఒక్కరోజు కూడా ఎదురు మాట్లాడి ఎరగడు" అన్నాడు.

ఆమె చంకకర్ర అందుకుని లేచి నిలబడింది. ముఖం కందగడ్డయింది.

"మాట్లాడాడు. మీ దగ్గర కాదు. మా వీధిలో అడగండి, చెప్తారు."