ఆఖరి రెండు కిలోమీటర్ల రాగి తీగ

నవంబరులో మంచుకొండల మీది ఆర్మీ పోస్టుకు చేరాను. ట్రక్కు కింది క్యాంపు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి నడకే. వీపున సామాను, భుజాన తీగల చుట్ట. ముక్కులో తడి గడ్డకట్టింది. మాది ఆలూరు పక్క పల్లె. మే నెల ఎండకు కాలే బండల మీద ఉత్తకాళ్లతో తిరిగి పెరిగినవాణ్ణి. ఆ చలిలో మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ.

నాది సిగ్నల్స్ డ్యూటీ. ఫోన్లు, లైన్లు నడవాలి. మా హవల్దార్ కడప మనిషి. చూడగానే "యాడప్పా మనది?" అని అడిగాడు. చెప్పాను. "ఇంగనేం. ఇద్దరం ఎండకు పుట్టి ఈడ మంచుకు దొరికినాం" అని నవ్వాడు.

పోస్టులో ఉన్నది పాత రాగి లైను. మాట వినబడుతుంది, బొమ్మ రాదు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. సుజాత మా మేనత్త కూతురే. ఆదివారం నా వంతు వస్తే ఫోన్ చేసేవాణ్ణి. జనవరిలో పక్క పోస్టు మీద మంచు జారిపడింది. టీవీలో చూపించారట. మాకెవరికీ ఏమీ కాలేదు. ఆమె నమ్మలేదు. మంచుకు వేళ్లూ చెవులూ ఊడిపోతాయని ఎవరో చెప్పారట.

"చేతులు బాగుండాయా బావా? కాళ్లు?"

"అన్నీ ఉండాయి."

"మాటలు ఎవురైనా చెప్తారు. నీ మొగం నా కండ్లతో చూస్తేనే నమ్మేది."

ఆ మాట లోపల గుచ్చుకుంది. అంత దూరం నుంచి ముఖం ఎలా చూపించను?

ఫిబ్రవరి చివర కింది క్యాంపుకు ఫైబర్ వచ్చింది. వెంట్రుకంత గాజు దారం, దానిలో వెలుతురు పోతుంది. పోస్టు దాకా లాగడానికి వాతావరణం కుదరలేదు. క్యాంపు దాకా గాజు, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు పాత రాగి, దానికి రెండు కొసలా కొత్త డబ్బాలు పెడితే బొమ్మ కూడా వస్తుందన్నారు. నేనూ కిందికి దిగి పనిలో చేరాను. హవల్దార్ సర్వీసంతా రాగితోనే గడిపినవాడు. క్యాంపు బంకరులో పసుపుపచ్చ ఫైబర్ తీగను అలవాటుగా మేకుకు రెండు చుట్లు బిగించి కట్టాడు. రాగినైతే అలాగే కడతారు. లైను లేవలేదు. డబ్బాలు మార్చాం, అతుకులు మళ్లీ వేశాం. చివరికి తీగలోకి ఎర్ర లైటు పంపి చూస్తే, మేకు దగ్గర తీగ ఎర్రగా మెరిసింది. వెలుతురంతా ఆ మడతలోంచే కారిపోతోంది.

"ఓర్నీ, దీని మెడ పిసికేసినా కదప్పా" అన్నాడు హవల్దార్. విప్పి, పళ్లెమంత చుట్టగా వదులుగా తగిలించాడు. పచ్చ లైటు వెలిగింది. నేను పోస్టుకు ఎక్కిపోయాను.

మార్చి మొదటి ఆదివారం నా వంతు. గడ్డం గీసుకున్నాను. చెవులు కనబడాలని ఉన్నిటోపీ తీసేశాను. కింది నుంచి రేడియోలో హవల్దార్ గొంతు: "లైను వదిలినా. కరువుతీరా మాట్లాడుకో పో."

తెర వెలిగింది. సుజాత. వెనక మా ఇంటి నీలం తలుపు, దండెం మీద నా పాత చొక్కా. చెయ్యి చాపితే అందేలా ఉంది. చేతులు ఊపాను. చెవులు పట్టుకుని చూపించాను.

"బావా, అంతా నల్లగుండాది. యాడుండావు?"

ఆ రాగి లైను పద్ధతే అంత. వచ్చేదానికి వెడల్పు దారి, పోయేదానికి ఇరుకు సందు. దూరం పెరిగితే ఆ సందు మరీ ఇరుకవుతుంది. గాజుకైతే ఈ బాధ లేదు. ఆమె బొమ్మ వచ్చింది, నాది పోలేదు. మాట మాత్రం పోతోంది.

"ఈడే ఉండా. నీ ఎదురుగానే ఉండా."

రేడియోలో హవల్దార్‌ను బతిమాలాను. కాసేపు ఏవో తిప్పి చూశాడు. "శానా చూసినా అప్పా. రాగి ఇంతకంటే మొయ్యదు. ఇంగ నువ్వే దిగిపోయి కనపడాల."

ఏప్రిల్‌లో మా స్థానంలోకి వేరే దళం వచ్చింది. సెలవు మీద వచ్చి డోన్‌లో రైలు దిగాను. ప్లాట్‌ఫాం మీద, అందరి ముందే, సుజాత నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. చెవులు తడిమింది. "ఉండాయి" అంది. అప్పుడు ఏడ్చింది.

సైన్యం నుంచి వచ్చేశాక, ఇప్పుడు పత్తికొండలో ఇళ్లకు ఫైబర్ లాగుతుంటాను. నెట్ ఎంత వేగంగా వస్తుందని అందరూ అడుగుతారు. ఎంత పోతుందని అడిగినవాళ్లు లేరు. నేను మాత్రం రెండూ చూసిగాని డబ్బా మూత వేయను. సుజాత రోజూ నా ఎదురుగానే ఉంటుంది. అయినా కళ్లు మూసుకుంటే కనబడేది ఆ ఆదివారం నాటి ముఖమే. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, కొంగుతో తెర తుడిచి, మళ్లీ చూసి, సూటిగా నా కళ్లలోకే చూస్తూ నన్ను వెతుకుతున్న ముఖం.