అమ్మ నలుగురికి పంచిన తాళం

ఇరవై ఏళ్ల వయసులో మనం రాసిన నాలుగు లైన్ల కోడ్ మీదే లోకం నడుస్తున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, నాకా గొప్ప ఇంకాస్త ఎక్కువే. (సంతోషం పట్టలేకే ఇది రాస్తున్నాను. అప్పట్లో నేను చేసిన యాప్‌ని ముక్కూ మొహం తెలియని ఒకావిడ, వాళ్లమ్మ కోసమట, ఒడియాలోకి మార్చి నిన్న నాకు పంపింది!)

నేను ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండగా అమ్మకి షుగరు బయటపడింది. నెల్లాళ్లు రోజూ పొద్దున్నే చూసుకుని రాసుకు రమ్మన్నాడు డాక్టరు. ఫోన్ చేసి ఎంతుందని అడిగితే "బాగానే ఉన్నాను, నువ్వు సదువుకో" అంటుందే తప్ప అంకె చెప్పదు. ఆ దిగులుతోనే యాప్ రాశాను. షుగరు ఎంతుంది, మాత్ర వేసుకుందా లేదా, అన్నీ అమ్మ ఫోన్లోనే ఉంటాయి, ఏ కంపెనీకీ పోవు. ఎలా రాశానో మాత్రం నెట్‌లో పెట్టాను, ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, బాగుచెయ్యొచ్చు. పైన నాలుగంకెల తాళం. ఇంటికెళ్లి అమ్మ ఫోన్లో వేసిచ్చి, "నువ్వు మర్చిపోతే నేను కూడా తెరవలేనమ్మా!" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది. మెచ్చుకోలు అనుకున్నాను.

రెండు వారాల తర్వాత శనివారం ఇంటికెళ్లి, చూపించమన్నాను.

"రేపు పొద్దున్న ఆలొస్తారు, ఉండు."

"ఎవరు?"

"మర్సిపోతే నీ వల్ల కూడా అవ్వదన్నావు గదే. అందుకే తలో అంకె ఇచ్చీసినాను. నలుగురూ ఉంటేనే తెరుసుకుంటాది."

"మరి నీకు గుర్తులేదా?"

"నాకెందుకే? ఆలున్నారు గదా!"

ఆ నలుగురూ అమ్మతో కలిసి వరి ఊడ్పులకెళ్లే జట్టు: పెద్దమ్మ, పిన్ని, వదిన, రేడియో అత్త. రోజూ పనికి బయల్దేరే ముందు మా అరుగు మీద చేరి యాప్ తెరుస్తున్నారట. ఆదివారం పొద్దున్నే వచ్చారు. ఊరందరి గుట్టూ చాటే రేడియో అత్త, తన అంకె నొక్కేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంది! తాళం తెరుచుకుంది. నేను మెడ సాచాను.

"అటు తిరుగే గుంటా!" అంది అత్త.

"అది రాసింది నేనే అత్తా!"

"అయితే ఏటి? వొండినోలే మొత్తం తినేత్తారేటి? మీయమ్మ ఒంటి సంగతిది. ఎవులికీ సూపొద్దని నువ్వే గదా సెప్పినావు!"

గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనక పిన్ని "ఓలమ్మో, ఇంతా!" అంటే, అమ్మ గుసగుసగా "దానికి సెప్పకండే. తెలిస్తే సదువొగ్గీసి వచ్చేస్తాది" అంది. నిజమే, వచ్చేసేదాన్ని. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

"మేం నలుగురం లేమేటి? ఆసుపత్రికి మేం తీసుకెల్తాం. నువ్వెల్లి రాసుకో" అంది పెద్దమ్మ, నా వీపుకి.

ఆటో కట్టించుకుని తీసుకెళ్లారు కూడా. మందు మారింది, షుగరు దిగింది. నేను పాసయ్యాను.

ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. గోడకేసి చూస్తూ, వెనక ఏమంటున్నారో అని చెవులు రిక్కించిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పరాయివాళ్లు చొరబడకుండా అన్ని రాత్రులు కష్టపడింది గానీ, తానే బయటుండాల్సి వస్తుందని పాపం దానికి తట్టలేదు. ఒక్కోసారి ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నపళంగా మళ్లీ ఆ గోడవైపే తిరిగి కూర్చోవాలనిపిస్తుంది, నా సంగతి కూడా అలా నలుగురు పట్టించుకుని నా వెనక గుసగుసలాడుకుంటూ ఉండగా.